మంచోడు తీసిన గోడ

పొద్దున నేను చాయ్ కప్పు చేతిలోకి తీసుకోగానే మా ఇంటి మీదుగా శిక్షణ విమానాలు మొదలవుతాయి. బీదర్‌లో ఉండేవాళ్లకు ఇదేం కొత్త కాదు. వాటితో నాకు గొడవ లేదు. దేశానికి పైలట్లు కావాలి, వాళ్లు ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి. నా ఫిర్యాదల్లా మా వంటింటి కిటికీ గురించే. విమానం వచ్చిన ప్రతిసారీ ఆ కిటికీ రెక్కలు వదులైన కట్టుడు పళ్లలాగా టకటకమంటాయి. పేపర్లో చావు వార్త చదువుతున్నా సరే, అది నవ్వుతున్నట్టే ఉంటుంది. విమానాలను కాస్త పక్కనుంచి పోనివ్వమని ఒక అర్జీ రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఎవరికి రాయాలో తేలక ఆగాను.

సరే, అది పక్కన పెడదాం.

కాలేజీలో చెప్పనిది

ముప్పై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో సివిల్ ఇంజనీర్‌గా సొంత ఆఫీసు నడిపి ఈ మధ్యే తాళం వేశాను. ఆఫీసంటే ఒక టేబుల్, రెండు కుర్చీలు, ఒక ఫ్యాన్. ఫ్యాన్ తిరిగితే టేబుల్ మీది డ్రాయింగులు ఎగిరేవి కాబట్టి ఎండాకాలంలో రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చేది. మా చర్చి పిల్లలు ఇద్దరు ఇంజనీరింగ్ పూర్తిచేసి ఇదే పనిలోకి దిగుతున్నారు. "అంకుల్, మీ అనుభవం ఏమన్నా చెప్పండి" అని అడిగారు. మర్యాదకు అడిగారని నాకు తెలుసు. మర్యాదకు అడిగినదానికి నిజంగా జవాబు చెప్పడం ఈ వయసులో మిగిలిన కొద్ది సరదాల్లో ఒకటి కాబట్టి రాస్తున్నాను.

కాలేజీలో మాకు దూలాలు నేర్పారు, స్తంభాలు నేర్పారు, మట్టి ఎంత బరువు ఆపుతుందో నేర్పారు. ఇంటాయన బావమరిదిని ఎలా ఆపాలో నేర్పలేదు. నా ఉద్యోగంలో దూలాలు ఇబ్బంది పెట్టింది తక్కువ.

కొత్త ఇల్లు కట్టేవాళ్లు ఇంజనీర్ దగ్గరికి వస్తారు, ప్లాన్ మీద సంతకం కావాలి కాబట్టి. పాత ఇల్లు బాగు చేయించుకునేవాళ్లు రారు. వాళ్లు తెలిసినవాళ్లను అడుగుతారు. తెలిసినవాళ్లు తమకు తెలిసినవాళ్ల పేరు చెప్తారు. గోడ పడ్డాకనో, కప్పు కారాకనో అప్పుడు నా దగ్గరికి వస్తారు. వచ్చి మొదట అడిగేది మరమ్మతు ఎలా అని కాదు. "మీరొక్కసారి వచ్చి ఆ మేస్త్రీతో మాట్లాడండి" అని. మాట్లాడటమంటే తిట్టడం. తాము తిట్టలేరు. తిడితే అతన్ని పంపిన మేనమామకు కోపమొస్తుంది, మేనమామకు కోపమొస్తే రేపు పెళ్లి భోజనాల్లో అందరితో బువ్వ ముందు కూర్చోడు. బయటివాడినైన నేను తిడితే ఎవరి ఇజ్జత్ పోదు. కాబట్టి తమ్ముళ్లూ, మీరు నేర్చుకున్నది లెక్కలు కట్టడం కావచ్చు, మిమ్మల్ని పిలిచేది మాత్రం ఎక్కువగా బయటివాడిగా ఉండటానికి.

ఇందులో ఒక చిక్కుంది. చిన్న ఊళ్లో బయటివాడిగా ఉండటం రాను రాను కష్టమవుతుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

పాటిల్ సార్ గొడుగు

నాకు పని నేర్పింది పాటిల్ సార్. కాలేజీ కాగానే ఆయన దగ్గర చేరాను. పొట్టి మనిషి, చేతిలో ఎప్పుడూ గొడుగు. వాన కోసం కాదు, గోడలు కొట్టి చూడటానికి. కన్నడం, తెలుగు, ఉర్దూ, మరాఠీ నాలుగూ వచ్చు. నాలుగింట్లోనూ తక్కువే మాట్లాడేవారు.

ఎవరో ఒకరు వచ్చి, సార్, ఫలానా మేస్త్రీకి పని ఇద్దామనుకుంటున్నాం, చాలా మంచోడు, తాగడు, అబద్ధమాడడు, మా అన్నకు చిన్నప్పటి నుంచి తెలుసు అని చెప్పేవాళ్లు. సార్ అంతా విని ఒక్కటే అడిగేవారు: "ఏన్ కట్యాన?" ఏం కట్టాడు, అని. అవతలివాళ్లు మళ్లీ మంచితనం దగ్గర్నుంచి ఎత్తుకునేవాళ్లు. సార్ మళ్లీ అదే అడిగేవారు. చివరికి, "అన్న ఇంట్ల నీళ్ల తొట్టి కట్టిండు సార్" అని బయటపడేది.

"అయితే తొట్టి కట్టించుకో" అనేవారు సార్.

అప్పట్లో ఇది మొరటుతనం అనుకున్నాను. తర్వాత తెలిసింది, మనవాళ్లు సిఫారసు చేసేటప్పుడు మనిషికి హామీ ఇస్తారు, పనికి కాదు. "మంచోడు" అన్న మాట లేకుండా ఒక్క సిఫారసూ నేను వినలేదు. "గోడ మీద ఏ బరువుందో అతనికి తెలుసు" అన్న మాట ఉన్న సిఫారసు కూడా ఒక్కటీ వినలేదు. పాటిల్ సార్ ప్రశ్నను నేను మా భాషలోకి కొంచెం మెత్తబరిచి వాడుకున్నాను. సిఫారసు చేసేవాళ్లను మేస్త్రీ గురించి ఏమీ అడగను. "మీ ఇంట్ల ఏం చేసిండు? చూపియ్యి" అంటాను. అంతే. ఇంట్లో కూడా చాయ్ తాగుతూ ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో. మా ఆవిడకు కంఠతా వచ్చు.

గాంధీ గంజ్‌లో శివరాజప్ప అని కందుల వ్యాపారి ఉండేవాడు. ఎవరి సంచి వచ్చినా సరే, ఇనుప గొట్టం గుచ్చి అడుగు గింజలు బయటికి లాగి, అరచేతిలో పోసుకుని, ఒకటి కొరికి చూడనిదే ధర మాట్లాడడు. సొంత తమ్ముడు తెచ్చిన సంచైనా అంతే. అదే మనిషి మేడ మీద బాత్రూం పనిని పక్క దుకాణం ఆయన చెప్పిన మేస్త్రీకి కళ్లు మూసుకుని ఇచ్చాడు. నేల వాలు తిరగబడింది. స్నానం చేస్తే నీళ్లు తూము వైపు పోకుండా పడకగదిలోకి నడిచి వచ్చేవి. నన్ను పిలిచాడు. గంజ్‌లో అందరి సంచులకూ గొట్టం గుచ్చుతారు కదా, ఇక్కడ గుచ్చలేదా సేఠ్ అన్నాను.

"మనిషికి ఎక్కడ గుచ్చాలె, ఇంజనీర్ సాబ్?" అన్నాడు.

ఆలోచించదగ్గ ప్రశ్నే. ఆ మేస్త్రీని మాత్రం ఆయన పల్లెత్తు మాట అనలేదు. అంటే పక్క దుకాణం ఆయన మొహం చిన్నబోతుంది, రెండు దుకాణాలకూ మధ్య ఒకటే గోడ. ఇంటిల్లిపాదీ కొంతకాలం స్నానం చేశాక నేల తుడుచుకున్నారు. తర్వాత నేను వెళ్లి, ఫీజు తీసుకుని, ఆయన తరఫున కోపం తెచ్చుకున్నాను.

సులోచనక్క మధ్య గోడ

ఇప్పుడు ఆ చిక్కు సంగతి. ఇది నేను ఆఫీసు మూసే ముందు జరిగింది.

సులోచనక్క ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేసి రిటైరైంది. ఊళ్లో సగం మంది నెత్తురు ఆమె చూసిందే. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ముందు ఎండల గురించి మాట్లాడి మెల్లగా అసలు సంగతికి వచ్చే అలవాటు ఆమెకు లేదు. భర్త పోయాక పాత ఊళ్లో ఎర్రరాతి ఇంట్లో ఒక్కతే ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం ఆ చుట్టుపక్కల మా చర్చి ఆడవాళ్లంతా ఆమె ఇంట్లో కూడుకుంటారు. పాటలు, వాక్యం, ప్రార్థన, చాయ్, తర్వాత ఊరి సంగతులు. చివరిదానికే ఎక్కువసేపు పడుతుందంటే మా ఆవిడ కరుణ ఒప్పుకోదు. సులోచనక్కకు మాత్రం వారంలో మిగతా రోజులన్నీ ఆ మధ్యాహ్నం కోసమే ఉంటాయి.

మనుషులు పెరిగారు. ముందు గది చాలక కొందరు వాకిట్లో ఎండలో కూర్చునేవాళ్లు. కొత్త కాలనీలో పెద్ద హాలున్న ఒకావిడ, ఇకనుంచి మా ఇంట్లో పెట్టుకుందామా అక్కా అని అడిగింది. అడిగింది ప్రేమతోనే. సులోచనక్కకు అది నోటీసులాగా వినపడింది. కూడిక ఒకసారి గుమ్మం దాటిందంటే తిరిగి రాదని ఆమె భయం. ముందు గదికీ నడిమి గదికీ మధ్య గోడ తీయించి ఒకటే హాలు చేయిస్తానని నిశ్చయించుకుంది. ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగింది: పాత గోడ తీసే మంచి మేస్త్రీ ఎవరన్నా ఉన్నరా?

జవాబిచ్చింది కరుణ. "రత్నం ఉన్నడు. మా ఇంట్ల చేసిండు. చాలా మంచోడు."

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. రత్నం మా చర్చిలో మంద్రస్వరంతో పాడతాడు. మా వంటింట్లో టైల్స్ వేసింది అతనే. టైలుకూ టైలుకూ మధ్య సందు చూస్తే స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. సాయంత్రం పని చేసినచోట ఊడ్చి మరీ వెళ్తాడు. ఊడ్చే మేస్త్రీని నా ఉద్యోగం మొత్తంలో ఇంకొకర్ని చూడలేదు.

అయితే సులోచనక్క ఆ జవాబును ఇంకోలా చదివింది. "మా ఇంట్ల" అంటే ఇంజనీర్ ఇంట్లో. ఇంజనీర్ ఇంట్లో పని చేశాడంటే ఇంజనీర్ చూసి సరే అన్నవాడు. ఇక అడిగేదేముంది? మరి ఇంజనీర్‌నే ఎందుకు పిలవలేదంటారా? నేనూ తర్వాత అడిగాను. ఫీజు ఇస్తే నేను తీసుకోనట, తీసుకోకపోతే తనకు బాగుండదట, అందుకని పిలవలేదట. తెలిసినవాడైనందుకు మేస్త్రీకి పని దొరికింది, తెలిసినవాడైనందుకే ఇంజనీర్‌కు దొరకలేదు.

పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేసి పని మొదలుపెట్టించారు. అది మంచిదే, నేనూ ప్రార్థన చేసే మనిషినే. కాకపోతే కళ్లు మూసుకునే ముందు ఒకసారి కప్పు చూసుకుంటాను. ప్రార్థనతో మొదలైన పనిలో ఎవరైనా దారం పట్టి కొలిస్తే అది ప్రార్థనను కొలిచినట్టు అనిపిస్తుంది మావాళ్లకు. కాబట్టి ఎవరూ కొలవలేదు.

కొంగు మీద సున్నం

ఒక శుక్రవారం సాయంత్రం కరుణ కూడిక నుంచి వచ్చి కొంగు దులుపుకుంటూ, సులోచనక్క ఈ మధ్య ఇల్లు సరిగ్గా దులుపుతలేదని సణిగింది. మా ఆడవాళ్లు ప్రార్థనలో తల మీద కొంగు కప్పుకుంటారు. ఆ కొంగు మీద, సరిగ్గా నడినెత్తిన పడేచోట, తెల్లటి పొడి. వేలితో తీసి చూశాను. పాత సున్నం.

అందరి మీదా పడిందా అని అడిగాను. నడిమిట్ల కూసున్నోళ్ల మీదనే పడిందని, పాట ఊపందుకుని చప్పట్లు కొట్టినప్పుడల్లా రాలుతుందని చెప్పింది. గోడ సగం తీశారని, ఇప్పుడు రెండు గదులవాళ్లూ ఒకరి మొహాలు ఒకరికి కనపడుతున్నాయని, ఎంత బాగుందోనని కూడా చెప్పింది.

ఇక్కడి పాత ఇళ్ల కప్పు గురించి తెలియనివాళ్లకు ఒక మాట. గోడ నుంచి గోడకు ఇనుప గర్డర్లు వేసి, వాటి మీద షాబాదు బండలు పరిచి, సందుల్లో సున్నం నింపుతారు. సున్నం ఊరికే రాలదు. బండ కదిలితే రాలుతుంది. బండ కదిలిందంటే కింద గర్డర్ కదిలింది. గర్డర్ కదిలిందంటే అది ఆనుకున్న గోడకు ఏదో అయింది. ఆ ఇంట్లో రెండు గదుల గర్డర్లూ వచ్చి ఆనుకునేది మధ్య గోడ మీదే.

వచ్చే శుక్రవారం మామూలు కూడిక కాదు. ధన్నూర నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ ఆడవాళ్లు టెంపో కట్టుకుని వస్తున్నారు. కొత్త హాలు చూపించాలని సులోచనక్క ఏర్పాటు. వాళ్లంతా ఆ కప్పు కింద కూర్చుని చప్పట్లు కొడతారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పను, పట్టింది. కానీ పొద్దున పేపర్ చదవకుండానే బయల్దేరాను.

వెళ్లేసరికి రత్నం నిచ్చెన మీద పాడుకుంటూ రాయి తీస్తున్నాడు. గోడలో రెండు తలుపులు పట్టేంత ఖాళీ. దాని పైన ఒక చెక్క పలక, పలకకు ఊతంగా రెండు సెంట్రింగ్ కట్టెలు, కట్టెల కింద ఇటుక ముక్కలు. ఖాళీ పైన గర్డర్ దగ్గర్నుంచి ఏటవాలుగా ఒక పగులు. తీసిన రాళ్లు మాత్రం చిన్నవి చిన్నవాటితో, పెద్దవి పెద్దవాటితో గోడవారగా పేర్చి ఉన్నాయి. నేలంతా ఊడ్చి ఉంది. కూలడానికి అంత శుభ్రంగా తయారైన గోడను నేను ఎన్నడూ చూడలేదు.

పాటిల్ సార్ అయితే గొడుగుతో ఒక్కటి కొట్టి, నాలుగు భాషల్లో ఒక్కో మాట అనేవారు. ఆయనకు ఆ ఇంట్లో ఎవరూ తెలియరు. నాకు అందరూ తెలుసు. ఇది తప్పు అంటే రత్నం పరువు పోతుంది. రత్నాన్ని పంపిన కరుణ పరువు పోతుంది. ప్రార్థన చేసిన పాస్టర్ గారు ఏమనుకుంటారో. అన్నిటికంటే ముందు, సులోచనక్క కూడిక గుమ్మం దాటుతుంది. బయటివాడిగా ఉండటానికి ముప్పై ఏళ్లు ఫీజు తీసుకున్న మనిషిని ఆ ఇంట్లో బయటివాడిగా నిలబడలేకపోయాను.

అయినా గర్డర్ ఆగదు కదా. ఇక ఒక్క రాయి కూడా తీయొద్దన్నాను. ఈ రెండు గదుల్లో ఎవరూ తిరగొద్దన్నాను. గర్డర్ల కింద పెట్టే ఇనుప జాకీలకు ఫోన్ చేశాను, మర్నాడు పంపుతామన్నారు. రత్నం మారు మాట్లాడకుండా నిచ్చెన దిగాడు. సులోచనక్క మాట్లాడింది.

"నువ్వు చూసి చెప్తున్నవా తమ్మీ, భయపడి చెప్తున్నవా?"

చూసే చెప్తున్నానన్నాను.

"ఏదీ రిపోర్టు? రిపోర్టు లేంది నేను ఎవరికీ మందు ఇయ్యనియ్యలే. నేనెందుకు మింగాలె?"

అప్పుడు తట్టింది. మీ దగ్గర నెత్తురు పరీక్ష చేసే గాజు పలకలు ఏమన్నా మిగిలున్నాయా అని అడిగాను. ఉద్యోగం మానేసినా వాటిని మానని మనిషి, పెట్టెలోంచి తెచ్చింది. ఆ సన్నటి పలకను పగులుకు అడ్డంగా పెట్టి, రెండు చివరలా కొంచెం ప్లాస్టర్ ముద్ద అంటించాను. గోడ కదలకపోతే రేపటికి ఇది ఇలాగే ఉంటుంది, కదిలితే పలక విరుగుతుంది అని చెప్పాను. ఇంజనీర్లందరికీ తెలిసిన పాత ఉపాయమే. ఆమెకు మాత్రం నా డిగ్రీ మీద మొదటిసారి గురి కుదిరినట్టు కనపడింది. ఆ రాత్రికి మా ఇంటికి వచ్చి పడుకుంది.

మర్నాడు చర్చికి పోయే ముందు సులోచనక్క, కరుణ, నేను ముగ్గురం వెళ్లి గుమ్మంలో నిలబడ్డాం. పలక నడుమకు విరిగి, ఒక ముక్క ఇంకోదానికంటే కిందికి జారి ఉంది. సులోచనక్క కళ్లద్దాలు సర్దుకుని, గుమ్మంలోంచే ముందుకు వంగి, అటు నుంచీ ఇటు నుంచీ చూసింది.

"పాజిటివ్" అంది.

ఎవరూ ఎవరినీ తిట్టే అవసరం రాలేదు. గాజు పలకకు చుట్టరికాలు లేవు.

రత్నం చెప్పింది

జాకీలు వచ్చాయి, గర్డర్ల కింద నిలబెట్టాం. అందరూ వెళ్లాక రత్నం తను పేర్చిన రాళ్ల మీద కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. చేతికంటిన సున్నం దులుపుకుంటూ చెప్పాడు.

"అన్నా, ఆ పగులు నాకు ముందే కనపడ్డది."

మరెందుకు చెప్పలేదన్నాను.

"కరుణక్క చెప్పిందంటె మీరు చెప్పినట్టే అనుకున్న. ఇంజనీర్ సార్ చూసిన గోడ, ఆయనకు తెల్వకుంటదా అనుకున్న. నాకు టైల్స్ తప్ప రాదంటె అక్క మాట పోతది కదా."

నేను ఆ ఇంటి గడప తొక్కి ఏళ్లయింది. ఆ గోడ ఎలా ఉంటుందో కూడా నాకు గుర్తులేదు. అయినా సులోచనక్క నేను రత్నాన్ని చూశానని నమ్మింది, రత్నం నేను గోడను చూశానని నమ్మాడు. అక్కడ లేకుండానే నేను ఇద్దరికి హామీ ఉన్నాను. నా ఉద్యోగంలో ఇంత తక్కువ పని చేసి ఇంత పెద్ద బాధ్యత మోసింది ఇంకెప్పుడూ లేదు.

తెలిసినవాళ్లు చెప్పిన మేస్త్రీతో మోసపోతామని మీకు చాలామంది చెప్తారు. మోసం నేను చూసింది తక్కువ. మోసగాడికి పరిచయాల అవసరం అంతగా ఉండదు, కొత్త ఊళ్లో కూడా బతుకుతాడు. నేను ఎక్కువగా చూసింది ఇదే: కాదనలేక ఒప్పుకున్న మంచి పనివాడు, అడగలేక ఊరుకున్న మంచి ఇంటివాళ్లు, వాళ్లిద్దరి నెత్తి మీద ఒక గర్డర్. సిఫారసుతో వచ్చినవాడికి "నాకిది రాదు" అనే స్వేచ్ఛ ఉండదు. కాబట్టి మీరు సైటుకు వెళ్లినప్పుడు గోడను తర్వాత చూడండి. ముందు ఆ మేస్త్రీని పక్కకు తీసుకుపోయి, నీకేం వచ్చు, ఏం రాదు అని, వినేవాళ్లెవరూ లేనిచోట అడగండి. చాలామంది ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు.

ఇంకొకటి. మనుషుల నెత్తులు కూడా చూడండి. కప్పు సంగతి ముందు అక్కడే తెలుస్తుంది.

ఇంటికి వచ్చి కరుణకు రత్నం చెప్పిందంతా చెప్పాను. మెత్తగానే చెప్పాననుకున్నాను. నలుగురిలో నన్ను మీరు అంటుంది, ఇంట్లో నువ్వు.

"నేను గోడ మంచిదని చెప్పలే, రత్నం మంచోడని చెప్పిన. ఇప్పుడు నువ్వు చూసినవ్ కదా, చెడ్డోడయిండా?"

కాలేదన్నాను.

"మరి?"

వాదన అక్కడితో ఆగింది. ఎవరు గెలిచారో నేను రాయనక్కర్లేదు.

శుక్రవారం వచ్చింది

ఆ పని చేయగల మనిషి కావాలి. గంజ్‌లో లారీ లోపలికి పోయేలా పాత గోదాము ముందు గోడను తెరిచి, కప్పు కదలకుండా దూలం ఎక్కించిన మెహబూబ్ సాబ్ అనే మేస్త్రీ ఉన్నాడని విన్నాను. మనిషిని కలవకముందు వెళ్లి గోదామును కలిశాను. దూలం కింద గీత వంకర లేదు, పక్కన ఒక్క పగులు లేదు. తర్వాత మనిషిని కలిశాను. పలకరిస్తే పలకడు, చాయ్ ఇస్తే చల్లగా ఉందంటాడు. అతన్ని మంచోడని ఎవరూ ఎప్పుడూ సిఫారసు చేసి ఉండరు. అందుకే తీరిగ్గా దొరికాడు.

కూడిక సంగతే మిగిలింది. పని ముగిసేదాకా ఆ ఇంట్లో కుదరదు. కొత్త కాలనీ హాలు సిద్ధంగా ఉంది. సులోచనక్క మా ముందుగదిలో కూర్చుని, అయితే ఇగ అక్కడికే పోనీలె, అంది. రిపోర్టు చెప్పినంత పొడిగానే అంది గానీ, చేతిలో చాయ్ చల్లారిపోయింది. కరుణ ఫోన్ తీసి గ్రూపులో పెట్టింది: ఈ శుక్రవారం ఒక్కటి మా ఇంట్ల. సులోచనక్క ఇల్లు తయారయ్యేదాకనే. నడిపేది సులోచనక్కనే.

శుక్రవారం మా ఇల్లు నిండింది. ముందుగదిలో చాలక వంటింట్లో కూడా కూర్చున్నారు. టెంపోలో వచ్చిన ధన్నూర ఆడవాళ్లు రత్నం వేసిన టైల్స్ మీద చెయ్యి పెట్టి చూసి మెచ్చుకున్నారు. పాట మధ్యలో ఒక విమానం పోయింది, కిటికీ టకటకమంది, అందరూ అటు తిరిగారు. నేను గుమ్మంలోంచి, విమానాలు, అని వివరించాను. ఒకరిద్దరు కరుణ వైపు చూశారు. కరుణ పాట ఎత్తుకుంది.

కొన్ని వారాలకు సులోచనక్క ఇల్లు తయారైంది. రెండు గదులూ ఒకటే హాలు, మధ్యలో ఇనుప దూలం, రెండు పక్కలా స్తంభాలు. నేల పని రత్నందే. స్కేలు పెట్టి గీసినట్టుంది. దూలం అంచు గోడను కలిసేచోట సులోచనక్క తనంతట తానే ఒక గాజు పలక అంటించుకుంది. ప్రతి శుక్రవారం అందరూ కూర్చున్నాక దాన్ని చూసి "నెగటివ్" అని ప్రకటిస్తుందట. ఆ తర్వాతే ప్రార్థన. మావాళ్లలో ఎవరికీ అది అపనమ్మకంగా అనిపించలేదు. కొత్త కాలనీ ఆవిడ కూడా వస్తుంది, ముందు వరసలో కూర్చుంటుంది.

మొన్న పొద్దున నేను చాయ్ తాగుతుంటే కరుణకు ఫోన్ వచ్చింది. ధన్నూర నుంచి, ఆ రోజు వచ్చినవాళ్లలో ఒకావిడ. పాత ఇంటి వంటగది పడగొట్టి పెద్దది చేసుకుంటారట, తెలిసిన మనిషెవరన్నా ఉంటే చెప్పమంటోంది. ఈసారి తప్పు జరగకూడదని నేను పేపర్ కింద పెట్టి, నా గుండె మీద వేలు పెట్టుకుని సైగ చేశాను: నా పేరు చెప్పు, నేనే వచ్చి చూస్తానని చెప్పు. ఫీజు కూడా వద్దని చేత్తో ఊపాను.

కరుణ ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టింది. అప్పుడే విమానం వచ్చింది. కిటికీ టకటకలాడి ఆగేదాకా ఓపిగ్గా చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"చెప్త. మీ ఇంట్ల ఏం చేసిండు, చూపియ్యి అని వాళ్లడిగితె? ఆ కిటికీ గడియ ఊడి ఎన్నేండ్లాయె, నేనేం చూపియ్యాలె?"